బండి మీద గీత పడకుండా ఎక్కడం, దిగడం

కొత్త బండి మీద మొదటి గీత ఎవరు పెట్టారంటే అందరూ పార్కింగ్‌లో పక్క బండోడి మీదకో వీధిలో పిల్లల మీదకో నెట్టేస్తారు గానీ, నిజం చెప్పాలంటే చాలా బళ్ళకి ఆ పుణ్యం కట్టుకునేది ఓనరు గారి బూటు మడమే. నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇంటికొచ్చి పదకొండు రోజులు, అంటే కొబ్బరికాయ కొట్టి టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించిన వాసన ఇంకా పోలేదు, ఆఫీస్ నుంచి వచ్చి జేబులో ఫోన్ మోగుతోందని హడావిడిగా దిగుతుంటే కుడి కాలి మడమ వెనక మడ్‌గార్డ్‌కి జర్రున రాసుకుంది. జానెడు గీత. పైగా మ్యాట్ నలుపు, అంటే మెరుపు లేని పెయింట్, పాలిష్ పెడితే పోయే రకం కాదు. మా అమ్మ వచ్చి చూసి "బండికే కదరా తగిలింది, నీక్కాదు కదా" అంది, దాంతో ఇంకా మండింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు రోడ్డు మీద జనం ఎలా ఎక్కుతున్నారో ఎలా దిగుతున్నారో అదే పనిగా చూశా. నాకు అర్థమైంది ఏంటంటే ఎక్కేటప్పుడు గీతలు తక్కువ, దిగేటప్పుడే ఎక్కువ, ఎందుకంటే ఎక్కేటప్పుడు బండిని చూస్తూ ఎక్కుతాం, దిగేటప్పుడు మనసు అప్పటికే ఇంట్లోకో టీ కొట్టు దగ్గరికో వెళ్ళిపోయి ఉంటుంది, కాలు మాత్రం వెనక ఎక్కడో గుడ్డిగా తిరుగుతూ ఉంటుంది.

ముందు మీ కాలు ఎక్కడ తగులుతోందో తెలుసుకోండి. ఒక ముదురు రంగు పాత టవల్ తీసుకుని వెనక సీటు, దాని పక్కలు, మడ్‌గార్డ్ కప్పేలా వేసి రెండు క్లిప్పులు పెట్టండి, రోజూ వేసుకునే బూట్ల మడమకి టాల్కం పౌడర్ బాగా రాయండి, ఇప్పుడు మామూలుగా ఎలా ఎక్కుతారో అలాగే ఓ ఐదుసార్లు ఎక్కి దిగండి, నాటకం వద్దు, జాగ్రత్తగా చేస్తే లాభం లేదు. టవల్ మీద తెల్ల మచ్చలు ఎక్కడ పడ్డాయో చూసుకోండి. నాకైతే ఐదుకి మూడు పడ్డాయి, మూడూ కుడివైపు అంచు మీదే. ముగ్గుపిండి మాత్రం వాడకండి, అది రాతి పొడి, టవల్ జరిగితే అదే గీతలు పెడుతుంది.

ఇంక అసలు విషయం. ఎడమవైపు నుంచే ఎక్కాలి అని అందరికీ తెలుసు గానీ ఎందుకో ఒక్కసారి అనుకుంటే మంచిది. సైడ్ స్టాండ్ ఎడమవైపు ఉంటుంది, బండి మనవైపే వాలి ఉంటుంది కాబట్టి సీటు కాస్త కిందకి వస్తుంది. మన దేశంలో ఎడమవైపు నడుపుతాం కాబట్టి రోడ్డు పక్కన ఆపితే ఎడమవైపు దిగడమే సేఫ్, కుడివైపు లారీలు. పైగా మన బళ్ళలో చాలావాటికి సైలెన్సర్ కుడివైపే, ఆ వైపు దిగితే పిక్క కాలుతుంది.

ఎక్కే ముందు జేబులు చూసుకోండి. ఇది చాలామంది వదిలేస్తారు. ట్యాంక్ మీద సన్నటి గీతలన్నీ కాలి వల్ల వచ్చినవి కావు, బెల్టు బకిల్, జాకెట్ జిప్పు, మెడలో ఐడీ కార్డు క్లిప్పు, బెల్టు లూపుకి వేలాడే తాళాల గుత్తి, వీటి వల్ల వచ్చినవి. ఎక్కేటప్పుడు ముందుకి వంగుతాం కదా, అప్పుడు అవన్నీ ట్యాంక్ మీద నాట్యం చేస్తాయి. ఐడీ కార్డు చొక్కాలోకి తోసేయండి, జాకెట్ జిప్పు కింది మొన లోపలికి మడవండి. లాప్‌టాప్ బ్యాగ్ ఒక భుజానికి వేసుకుని ఎక్కితే కాలు తిప్పేటప్పుడు అది ఊగి దాని బకిల్ ఠపీమని ట్యాంక్‌కి కొడుతుంది, రెండు భుజాలకీ వేసుకుని పట్టీలు బిగించాకే కాలెత్తండి. ఇంకోటి, బండి తాళానికి ఇంటి తాళాలు, బీరువా తాళం, దేవుడి బొమ్మ అన్నీ కలిపి గుత్తి కట్టొద్దు. క్లాసిక్ లాంటి బళ్ళకి తాళం పెట్టే చోటు హెడ్‌లైట్ పైన పెయింట్ చేసిన రేకు మీదే ఉంటుంది, ఊగే గుత్తి ఏడాదిలో అక్కడ గుండ్రంగా ఒక చందమామని చెక్కేస్తుంది.

తర్వాత బూట్లు. మడమ కింద గాడుల్లో ఇరుక్కున్న ఇసుక రేణువులే అసలైన శాండ్ పేపర్, శుభ్రమైన రబ్బరు తగిలితే నల్ల మరక పడుతుంది, తుడిస్తే పోతుంది, ఇసుక ఉన్న రబ్బరు తగిలితే గీత పడుతుంది, పోదు. వర్షాకాలంలో నల్లరేగడి ఊళ్ళల్లో వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, బూటుకి కిలో మట్టి అంటుకుంటుంది, దాంతో కాలు బరువెక్కి అనుకున్న ఎత్తుకి లేవదు కూడా. ఏ రాయికో మడమ రెండుసార్లు గీకి ఎక్కండి. లేసులు వదులుగా ఉంటే లోపలికి దోపేయండి, లేసు ముడి గేర్ రాడ్‌కి తగులుకుందంటే సిగ్నల్ దగ్గర ఎడమ కాలు కింద పెట్టబోతే రాదు, బండితో సహా పక్కకి ఒరుగుతారు. గీత గురించి మాట్లాడుకుంటున్నాం గానీ అలా పడితే లెక్క గీతల్లో ఉండదు.

ఇప్పుడు ఎక్కడం. బండి సైడ్ స్టాండ్ మీద, ఫస్ట్ గేర్‌లో ఉండాలి, అప్పుడు ముందుకీ వెనక్కీ దొర్లదు. చాలామంది వెనక సీటు దగ్గర నిలబడి కాలు విసురుతారు, అక్కడే తప్పు. ముందుకి రండి, ట్యాంక్ సీటు కలిసే చోట మీ తొడ ఉండేలా నిలబడండి. ఎడమ చేయి ఎడమ హ్యాండిల్, కుడి చేయి చాచి కుడి హ్యాండిల్ పట్టుకుని ముందు బ్రేక్ నొక్కి ఉంచండి. ఛాతీ ముందుకి వంచండి, ట్యాంక్‌కి తగలకుండా, ఒక బెత్తెడు దూరం చాలు. ఎంత వంగితే తుంటి అంత తేలిగ్గా తిరుగుతుంది. ఇప్పుడు కుడి కాలు చాచకండి, మడవండి. మోకాలు మడిచి, మడమని పిర్రల వైపు లాక్కుని, ముందు మోకాలిని సీటు మీదుగా దాటించండి, మోకాలు అవతలికి వెళ్ళాక దాని వెనకాలే పాదం వస్తుంది. చాచిన కాలు క్రికెట్‌లో స్వీప్ షాట్ బ్యాటులా పెద్ద అర్ధచంద్రం గీస్తూ తిరుగుతుంది, ఆ దారిలో వెనక సీటు, కడ్డీ, టెయిల్ లైటు అన్నీ వస్తాయి. మడిచిన కాలికి ఆ దారి సగం కూడా ఉండదు. కాలు ఎత్తుగా లేపలేని వాళ్ళకి కూడా ఇదే మందు, ఎందుకంటే కావాల్సింది కాలి ఎత్తు కాదు, మోకాలి మడత.

కూర్చున్నాక రెండు కాళ్ళూ నేల మీద పెట్టి, బ్రేక్ వదలకుండా బండిని నిటారుగా లేపి, అప్పుడు స్టాండ్ తీయండి. ఈ వరస తిప్పి చేసేవాళ్ళు ఉన్నారు, ముందు స్టాండ్ తీసేసి పక్కన నిలబడి బండిని తొడకి ఆనించుకుని ఎక్కుతారు. స్ప్లెండర్ 112 కేజీలు, దానికి చెల్లుతుందేమో, క్లాసిక్ 350 దగ్గర ఆ 195 కేజీలు ఒకసారి అవతలికి ఒరిగాయంటే ఆపడం మీ వల్ల నా వల్ల కాదు.

పొట్టిగా ఉన్నవాళ్ళ గురించి విడిగా చెప్పాలి, నేనూ ఆ బ్యాచే, ఐదడుగుల ఐదంగుళాలు. సీటు ఎత్తు మీటియర్ 350 కి 765 మిల్లీమీటర్లు, స్ప్లెండర్‌కి 785, క్లాసిక్‌కి 805, హిమాలయన్ 450 కి 825. చూడ్డానికి అటూ ఇటూగా అన్నీ ఒకటే అనిపిస్తాయి, హిమాలయన్ ఎక్కి చూస్తే ఆ ఆరు సెంటీమీటర్లంటే ఏంటో తెలుస్తుంది. అలాంటి బండికి కొంతమంది ఎడమ ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టి గుర్రం ఎక్కినట్టు లేచి కుడి కాలు తిప్పుతారు. చూడ్డానికి స్టైల్‌గా ఉంటుంది, గీత పడదు కూడా, కానీ మన బరువు మొత్తం సైడ్ స్టాండ్ మీద, దాన్ని పట్టుకున్న ఒక్క బోల్టు మీద పడుతుంది, రోజూ అలా చేస్తే స్టాండ్ వంగి బండి రోజురోజుకీ ఎక్కువ వాలుతుంది. తప్పదనుకుంటే గట్టి నేల మీద, గేర్‌లో ఉంచి చేయండి. దానికంటే అరుగో ఫుట్‌పాత్ అంచో చూసుకుని, దాని పక్కన ఎడమవైపు వచ్చేలా బండి ఆపుకుంటే ఓ నాలుగంగుళాల ఎత్తు ఊరికే వచ్చేస్తుంది. మా వీధిలో ఒక పెద్దాయన ఎప్పుడూ అదే అరుగు దగ్గర ఆపుతాడు, ఆయన బండికి ఎనిమిదేళ్ళు, వెనకవైపు అద్దంలా ఉంటుంది.

వెనక సామాను కట్టినప్పుడు, అంటే బియ్యం బస్తా, పాల క్యాన్లు, లాంగ్ రైడ్ బ్యాగులు, వెనక నుంచి కాలు తిప్పే దారే ఉండదు. అప్పుడు ముందు నుంచి ఎక్కాలి, స్కూటీ ఎక్కినట్టు, కుడి మోకాలిని ఛాతీ దాకా ఎత్తి ట్యాంక్‌కీ సీటుకీ మధ్య ఉన్న పల్లం మీదుగా దాటించాలి. ఇక్కడ గీత ట్యాంక్ వెనక భాగం మీద పడుతుంది, బూటు ముందు మొన వల్ల. పాదం మొన కిందకి వేలాడకుండా పైకి లాగి పెట్టుకోండి, ట్యాంక్ వెనక అంచు మీద ఒక రబ్బర్ ట్యాంక్ ప్యాడ్ అతికించండి. అంత మోకాలు లేవకపోతే సామాను విప్పి ఎక్కి, ఎవరినైనా అందించమనండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

దిగడానికి వద్దాం, దిగడం అంటే ముందు స్టాండ్ వేయడం. ఇంజిన్ ఆపండి, ముందు బ్రేక్ పట్టుకుని ఎడమ కాలితో స్టాండ్‌ని పూర్తిగా ముందుకి తన్నండి, తన్నాక మడమతో ఇంకోసారి తోసి చూడండి, సగంలో ఆగిన స్టాండ్ పూర్తిగా వేసినట్టే కనిపిస్తుంది. బండిని ఫస్ట్ గేర్‌లోనే వదలండి, క్లచ్ వదిలాక ముందుకి కాస్త నెట్టి గేర్ పట్టేదాకా జరపండి. సైడ్ స్టాండ్ వెనక్కి మడుచుకుంటుంది కదా, అందుకని బండి ముందుకి దొర్లిందంటే స్టాండ్ దానంతటదే మడుచుకుని బండి ఎడమవైపు పడిపోతుంది. పల్లంలోకి ముఖం పెట్టి ఆపిన బళ్ళు పడేది ఇందుకే. వాలు ఉంటే ముందు టైరు ఎత్తు వైపు ఉండేలా ఆపండి. కొత్త బళ్ళు చాలావాటికి స్టాండ్ వేసి ఉండగా గేర్ పడితే ఇంజిన్ ఆగిపోయే స్విచ్ ఉంటుంది, అది ఇంజిన్‌ని ఆపుతుంది గానీ బండి దొర్లడాన్ని ఆపదు.

నేల కూడా చూడండి. మే నెలలో మన తారు రోడ్డు మధ్యాహ్నం మూడింటికి హల్వాలా ఉంటుంది, స్టాండ్ మొన మెల్లగా దిగిపోతుంది, మీరు టీ తాగి వచ్చేసరికి బండి పక్క బండి భుజం మీద తల వాల్చి ఉంటుంది. వాన పడ్డ మట్టి కూడా అంతే. అరచేతంత రేకు ముక్కో చెక్క ముక్కో సీటు కింద పెట్టుకోండి, లేకపోతే పక్కన దొరికే పలక రాయి చాలు.

స్టాండ్ మీద బండి బరువు పూర్తిగా ఆనించాక హ్యాండిల్ ఎడమవైపు తిప్పండి. ఇప్పుడు సీటులో ముందుకి జరగండి, ట్యాంక్ దాకా. ఇదే నేను నేర్చుకున్న కిటుకు, వెనక్కి కూర్చుని దిగితే కాలు తిరగాల్సిన చోట వెనక సీటు ఉంటుంది, ముందుకి జరిగితే ఖాళీ సీటు ఉంటుంది. బరువంతా ఎడమ కాలి మీద వేసి, ఛాతీ ముందుకి వంచి, కుడి మోకాలు మడిచి మడమని వెనక్కి పైకి లాగి, తల తిప్పి కుడి పాదాన్ని కళ్ళతో చూస్తూ తీసుకురండి. చూడ్డం ముఖ్యం, నా గీత పడ్డ రోజు నేను చూసింది ఫోన్‌ని. కుడి పాదం నేల మీద పడేదాకా హ్యాండిల్ వదలొద్దు. వదులు ప్యాంట్లు, లుంగీలు అయితే ఎడమవైపు అంచు ఫుట్‌రెస్ట్‌కి తగులుకుందేమో ఒకసారి చూసుకోండి, లుంగీ ఎలాగూ ఎగ్గట్టే ఎక్కుతారు గానీ దిగేటప్పుడు అది జారి ఉంటుంది.

వెనక మనిషి ఉంటే ఒకటే రూల్, నడిపేవాడు ముందు ఎక్కాలి, చివర్న దిగాలి. వెనక మనిషి కూర్చుని ఉండగా మీరు దిగబోతే మీ మడమ వాళ్ళ మోకాలికి తగులుతుంది, అది తప్పించుకోబోయి ట్యాంక్‌ని తంతారు. మీరు రెండు కాళ్ళూ వెడల్పుగా నేల మీద పెట్టి ముందు బ్రేక్ నొక్కి "ఊఁ, ఎక్కు" అన్నాకే వాళ్ళు ఎక్కాలి. ఎడమవైపు నుంచి, రెండు చేతులు మీ భుజాల మీద, ఎడమ కాలు వెనక ఫుట్‌రెస్ట్ మీద పెట్టి నిటారుగా లేచి, అదే మడిచిన మోకాలి పద్ధతిలో కుడి కాలు దాటించాలి. ఆ క్షణం బండి ఎడమవైపు గుంజుతుంది, మీ ఎడమ కాలు గట్టిగా ఉండాలి. మా బామ్మర్ది ఉన్నాడు, ఆరడుగులు, చెప్పకుండా వెనకనుంచి దూకి ఎక్కుతాడు, వాడు ఎక్కిన ప్రతిసారీ వెనక షాకబ్జర్లు మూలుగుతాయి, "బావా, బండికేం కాదులే" అంటాడు. వాడికి ఇప్పుడు రూల్ పెట్టా, ఊఁ అనకుండా ఎక్కితే బస్‌లో పొమ్మని.

అమ్మలూ అత్తలూ చీరతో ఒకవైపు కూర్చునే పద్ధతి వేరు. చక్రంలో బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రానికి సగానికి తక్కువ కాకుండా అడ్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ రూల్ చెబుతుంది, పట్టుకోవడానికి కడ్డీ, కాలు పెట్టడానికి ఫుట్‌రెస్ట్ ఉండాలని కూడా అందులోనే ఉంది. లుక్కు బాగోలేదని కుర్రాళ్ళు శారీ గార్డ్ పీకేస్తుంటారు, చక్రంలో చీర చిక్కుకునే ప్రమాదం అలా ఉంచండి, పీకేశాక అత్తయ్య చెప్పు మడమ నేరుగా చక్రం పక్కన ఉండే రాడ్డు పెయింట్‌ని గీకుతుంది. గార్డ్ మీద గీతలు పడితే పడనీయండి, అది ఉన్నదే అందుకు. వాళ్ళు ఎక్కేటప్పుడు తొందరపెట్టకండి, వీపు సీటు వైపు పెట్టి, ఒక చేయి మీ భుజం మీద, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని కూర్చున్నాక, కొంగు ఒళ్ళోకి లాక్కున్నాక కదలండి. ఎక్కేటప్పుడు చేతిలో ఉన్న కూరగాయల సంచి, స్టీలు క్యారేజీ మీరు తీసుకోండి, స్టీలు క్యారేజీ పెట్టినన్ని సొట్టలు ఎవరూ పెట్టలేరు.

కిక్కిరిసిన పార్కింగ్‌లో మాత్రం ఎక్కడానికి ప్రయత్నించొద్దు. బళ్ళ మధ్య మూరెడు జాగాలో కాలు తిప్పితే మీది కాకపోయినా పక్కవాడిది గీసుకుపోతుంది. ఎడమవైపు నిలబడి గేర్ న్యూట్రల్ చేసి, స్టాండ్ తీసి, బండిని తుంటికి కాస్త ఆనించి బయటికి నడిపించుకుని ఖాళీలోకి వచ్చాక స్టాండ్ వేసి ఎక్కండి. తుంటి ఆనించేటప్పుడు జీన్స్ వెనక జేబు రివెట్లు సైడ్ ప్యానెల్‌కి తగులుతాయి, చొక్కా కిందకి లాగి మధ్యలో వచ్చేలా చూసుకోండి. లోపలికి పెట్టేటప్పుడు కూడా అంతే, బయటే దిగి తోసుకెళ్ళండి. హెల్మెట్ ట్యాంక్ మీద పెట్టకండి, విజర్ స్క్రూలు గీస్తాయి, దొర్లి కింద పడితే హెల్మెట్టూ పాడే.

ఇంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. అప్పుడు గోరుతో చూడండి, గీతకి అడ్డంగా గోరు పెట్టి లాగితే గోరు ఆగకపోతే పైన ఉండే క్లియర్ కోట్, అంటే రంగు లేని పూత వరకే, బండి కడిగి ఆరాక కొంచెం రబ్బింగ్ కాంపౌండ్ మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో రాస్తే చాలావరకు పోతుంది, ఇది మెరిసే పెయింట్‌కి మాత్రమే. గోరు తట్టుకుంటే లోతు ఎక్కువ, టచప్ పెయింటే. రబ్బరు నల్ల మరకలకి గుడ్డ మీద తుప్పు వదిలించే డబ్ల్యూడీ ఫార్టీ స్ప్రే చుక్క వేసి తుడిస్తే వస్తాయి, తర్వాత షాంపూ నీళ్ళతో కడగండి. పెట్రోల్‌తో రుద్దేవాళ్ళు స్టిక్కర్లు కూడా ఊడగొట్టుకుంటారు. సైలెన్సర్‌కి చెప్పు రబ్బరు కరిగి అంటుకుంటే కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు చెక్క పుల్లతో గీకండి, ఇనుప బ్లేడు వద్దు.

మ్యాట్ పెయింట్ సంగతి వేరే, దాన్ని రుద్దితే గీత పోదు, రుద్దినంత మేర మెరుపు వచ్చి ఇంకా ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. నేనది తెలియక ఒక ఆదివారం పొద్దున్న అరగంట రుద్దాను. చివరికి టవల్ మీద పౌడర్ మచ్చలు పడ్డ కొలత ప్రకారం మ్యాట్ వినైల్ స్టిక్కర్ ముక్క కోయించి కుడి అంచు మీద అతికించా, ఇప్పుడు మడమ తగిలితే దానికే తగులుతుంది, ముక్క పాడైతే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి పీకి కొత్తది వేస్తా. ఇప్పటికి రెండుసార్లు మార్చా, రెండోది బామ్మర్ది ఖాతాలో.